పద్నాలుగు చుట్టల దూరం

2008 నవంబరు 11, మంగళవారం. పొద్దున్నే మంచు. ఎదుటి కొండ ఎనిమిది దాటాక కనబడింది. గాలి లేదు. చేసిన పని: పిండిమర మోటారుకి తీగ చుట్టడం పూర్తిచేసి, వార్నిష్ పట్టించి ఎండలో పెట్టాను. చేయవలసిన పని: లైన్‌మేన్ గారింట్లో కుర్చీ, చక్రం, పెడళ్ళు విప్పి గది ఖాళీ చేయడం.

లైన్‌మేన్ గారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. వారం పాటు జ్వరం కాసింది. కిడ్నీలు పనిచేయడం మానేశాయని డాక్టరు చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాల వేళకి పోయారు.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని పత్రిక మిత్రులొకరు అడిగారు. నేను బడికి వెళ్ళింది తక్కువ. రోజూ పుస్తకంలో తేదీ, వాన, మంచు, చేసిన పని రాసుకోవడం తప్ప వేరే రాత నాకు తెలియదు. అందుకే ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాను. చదివేవారు సర్దుకోవాలి.

మీలో కొందరు ఆయన్ని స్తంభం మీద చూసే ఉంటారు. అరకు చుట్టుపక్కల ఊళ్ళకి ఆయనే లైన్‌మేన్. కొండ మీద పుట్టిన మనిషి. నేను కిందనుంచి వచ్చి ఇక్కడ మోటారు వైండింగు షాపు పెట్టుకున్నవాణ్ణి. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి, చుట్లు లెక్కపెట్టి, అన్నే చుట్లు మళ్ళీ చుట్టి నేర్చుకున్నాను. ఆయన నన్ను ‘మేస్త్రీ’ అని పిలిచేవారు. “మాడిపోయిన దాన్ని ఇప్పినోడికే కట్టడం తెలుస్తాది” అని ఆయనన్న మాట షాపులో గోడ మీద రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

ఒక వానాకాలం తడి స్తంభం మీదనుంచి పడ్డారు. నడుము కిందికి పనిచేయలేదు. ఆ రోజు తోలు బెల్టు కట్టుకోలేదు. ఇదొక్కటే ఆయన తన తప్పుగా చెప్పేవారు. కింద తాడు పట్టుకున్నవాడు ఆ సమయంలో పైకి చూశాడని మిగతావాళ్ళు అన్నారు గానీ, ఆయన మాత్రం “నా కాలే జారింది” అని ఊరుకునేవారు. లైను పనిలో ఒక కట్టుబాటు ఉంది. కిందివాడు తాడు పట్టుకుని తల దించుకుని ఉండాలి. పైవాడు ‘లాగు’ అంటే లాగాలి, ‘వదులు’ అంటే వదలాలి, ‘సాలు’ అంటే ఆపాలి. “పైనోడి మాట ఇనాల, పైకి సూడకూడదు” అని కొత్తగా పనిలో చేరిన వాళ్ళందరికీ ఆయన చెప్పేవారట. పైకి చూస్తే కంట్లో తుప్పు పడుతుంది, చేతిలో తాడు సడలుతుంది.

విశాఖపట్నం ఆసుపత్రిలో ఆయన మంచం కిటికీ పక్కన ఉండేది. విమానాలు దిగడం అక్కడినుంచి కనబడేది. నెలల తరబడి అదే చూశారు. తిరిగి వచ్చాక నన్ను ఇంటికి పిలిపించి, కొండెక్కకుండా కొండ మీదికెళ్ళే దారి ఒకటుంది మేస్త్రీ, అన్నారు. ఆయన పుట్టిన ఊరికి రోడ్డు లేదు. పెదబయలు దారిలో బస్సు దిగి, పొద్దున నడక మొదలుపెడితే సాయంత్రానికి చేరతారు. అక్కడ తల్లి ఉంది, తమ్ముళ్ళు ఉన్నారు. నడవలేని మనిషిని మోసుకెళ్ళాలంటే డోలీ ఒకటే మార్గం: వెదురు బొంగుకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుంటారు. ఆయన డోలీ ఎక్కనన్నారు. వయసులో ఎందర్నో మోశారు. కాన్పు కష్టమైన ఆడవాళ్ళని, జ్వరాల వాళ్ళని. “నాను మోసినోళ్ళల్లో సగం మంది తిరిగి రానేదు” అన్నారు ఒకసారి. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కాబట్టి ఇంట్లోనే విమానం కట్టాలి. కంప్యూటరులో విమానం నడిపే ప్రోగ్రాములుంటాయని, వాటిని సిమ్యులేటర్లంటారని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. ఇది 1998 మాట. మా ఇద్దరిలో ఎవరూ విమానం ఎక్కలేదు, కంప్యూటరు ముట్టుకోలేదు. విశాఖపట్నంలో ఒక కాలేజీ వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి తెచ్చాను.

ప్రోగ్రాములు మూడు దొరికాయి. మొదటి దాంట్లో అన్నీ యుద్ధ విమానాలు. ఆయన ఒక పూట చూసి, ఎవర్ని కాలుస్తాం, పక్కన పెట్టు అన్నారు. రెండోది చూడ్డానికి బాగుంది. పైదేశాల పట్టణాలు, వంతెనలు, దీపాలు. మన వైపు వచ్చేసరికి మాత్రం సముద్రం దాటిన దగ్గర్నుంచి పచ్చగుడ్డ పరిచినట్టు చదును. అనంతగిరి లేదు, గాలికొండ లేదు. మూడోదాంట్లో బొమ్మలు మొరటు. కానీ అందులో కొండల్ని మనమే పెట్టుకోవచ్చు. ఫలానా చోట ఇంత ఎత్తు అని అంకెలు రాస్తే ఆ చోట నేల లేస్తుంది. గాలి తాకిడికి విమానం కదలడం కూడా నిజంలా ఉంది. మూడోదే ఉంచుకున్నాం.

కంప్యూటరుకి బొమ్మ బాగా చూపించే కార్డు వేయాలా, లెక్క తొందరగా చేసే ర్యాము వేయాలా అన్న తర్జనభర్జన నెల రోజులు నడిచింది. బొమ్మ ఎలా ఉన్నా పర్వాలేదు, తొక్కిన వెంటనే తిరగాలి అన్నారాయన. ర్యామే వేశాం. మూడు చిన్న తెరలు వరసగా పెడితే పక్క కిటికీలు కూడా ఉన్నట్టుంటుందని నేను ఆశపడ్డాను. ఆ కంప్యూటరు మూడింటిని నడపలేదని తేలి, ఒకే పెద్ద తెర పెట్టాం. స్టెబిలైజరు నేనే చుట్టాను. మిల్లులు మొదలవకముందు ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య లోయలో వోల్టేజీ నిలకడగా ఉంటుందని ఆయనకి తెలుసు. అందుకే మా విమానం ఎప్పుడూ పొద్దున్నే లేచేది.

చేతి చక్రం బీరువా సొరుగుల పట్టాల మీద కూర్చోబెట్టాను, ముందుకీ వెనక్కీ జరగడానికి. సైకిలు ట్యూబు ముక్కలతో వెనక్కి లాక్కునేలా చేశాను. కుర్చీ పాత బస్సు డ్రైవరుది. ఆయన నిటారుగా కూర్చోలేరు కాబట్టి కుర్చీకి కట్టుకోవడానికి ఏదైనా కావాలి. గోడకి వేలాడుతున్న తన తోలు బెల్టు తీయమన్నారు. అప్పటినుంచి రోజూ దాన్నే కట్టుకున్నారు.

ఇక పెడళ్ళు. విమానం తోక అటూ ఇటూ తిరగాలంటే కాళ్ళతో తొక్కాలి. ప్రోగ్రాములో ఒక గడి ఉంది. అక్కడ టిక్కు పెడితే ఆ పని అదే చేసుకుంటుంది, కాళ్ళు అక్కర్లేదు. ఆ సంగతి నేను చూపించాను. ఆయన తెర వంక చూసి, “నాకు కాళ్ళు నేవని దీనిక్కూడా సెప్పాలా ఏటి మేస్త్రీ?” అన్నారు.

టిక్కు పెట్టలేదు. పాత జీపు బ్రేకు పెడళ్ళు రెండు తెచ్చి, ఎంత తొక్కామో కంప్యూటరుకి తెలియడానికి కింద పాత రేడియో వాల్యూం కంట్రోలు బిగించాను. కుడి తొక్కితే విమానం కొంచెం కదిలేది, ఎడమ తొక్కితే బొంగరంలా తిరిగేది. రెండు వారాలు స్ప్రింగుల్ని అనుమానించాను. తీరా చూస్తే తప్పు స్ప్రింగులది కాదు. వాల్యూం కంట్రోలు తిప్పిన కొద్దీ సమానంగా పెరగదు, చెవికి ఎలా సరిపోతుందో అలా పెరుగుతుంది. ఆయన నవ్వి, సెవి కోసం సేసింది కాలికెలా సరిపోద్ది అన్నారు. సమానంగా పెరిగే రకం తెప్పించి వేశాను.

పెడళ్ళు ఆయన కుర్చీ ముందు పెట్టలేదు. పక్కన చిన్న పీట వేసి దాని ముందు పెట్టాం. ఆ పీట నాది. ఆయన చక్రం పట్టుకునేవారు, నేను తొక్కేవాణ్ణి. “ఎడం లాగు. ఇంకాస్త. సాలు. వదులు.” నేను తల దించుకుని నా కాళ్ళే చూసుకునేవాణ్ణి. తెర వైపు చూడకూడదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

ఆయన ఇంటావిడ తలుపు దగ్గర చోడి (రాగి) అంబలి గిన్నెలు పెట్టి, ఇద్దరూ ఇమానం మీదెల్తన్నారు గదా, వచ్చేటప్పుడు ఉప్పు అట్టుకు రండి, అనేది. ఆయన తెర మీదనుంచి చూపు తీయకుండా, దిగడానికి సోటు సూపించు, తెత్తాను అనేవారు.

కొండలన్నీ పెట్టాం. ఒక పాత పటంలో రైలు దారి, రోడ్లు, పెద్ద కొండల ఎత్తులు దొరికాయి. ఆయన ఊరు మాత్రం అందులో లేదు. దిక్కు ఆయనకి తెలుసు. దూరం తెలియాలి. అప్పట్లో వాళ్ళమ్మ ఏడాదికోసారి చోళ్ళు, పసుపు మూటగట్టుకుని దిగి వచ్చేది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి. బయల్దేరే ముందు రోజు దారికి సరిపడా చుట్టలు చుట్టుకునేది. ఎన్ని అని అడిగితే పద్నాలుగు అంది. పద్నాలుగోది ఆరిపోయేసరికి రోడ్డు వస్తుంది. అమ్మ లెక్కలో తప్పుండదు అన్నారు లైన్‌మేన్ గారు.

చుట్టలు ప్రోగ్రాములో రాయలేం. మైళ్ళు కావాలి. చుట్ట ఒకటి కాలేలోపు మనిషి ఎంత నడుస్తాడని ఆయన నన్నడిగారు. మా వైపు మైలున్నర నడుస్తారని చెప్పాను. మా వైపంటే పల్లం, చెరకు తోటల మధ్య బండి బాట. ఆ ముక్క ఆ రోజు నాకు తట్టలేదు. పద్నాలుగు చుట్టలు, ఇరవై ఒక్క మైళ్ళు. ఆ అంకె నేనే గుణించాను, నా చేత్తోనే రాశాను. ఊరు అక్కడ లేచింది. ఒక తెల్లటి పెట్టె, అది వాళ్ళమ్మ ఇల్లు. లోయలోంచి లేచి అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఇంటి మీద ఒకసారి తిరిగి వచ్చేసేవాళ్ళం. అక్కడ దిగడానికి చోటు లేదు.

నాలుగేళ్ళు అలా వెళ్ళి వచ్చాం. నా పుస్తకంలో ఉంది, ఏ రోజు మంచు, ఏ రోజు కరెంటు పోయి దారిలో ఆగిపోయాం అన్నది. బయట మబ్బు ఏ కొండ దాకా దిగిందో ముందు నన్ను చూసి రమ్మనేవారు. అంతే మబ్బు లోపల కూడా పెట్టించేవారు. కొండ కనబడని రోజున వెళ్ళేవారు కాదు. నిజం ఇమానమైతే ఎల్తామా అనేవారు.

వాళ్ళమ్మకి మోకాళ్ళు పోయి, దిగి రావడం మానేసింది. 2003 వానల్లో తమ్ముడు డోలీ బొంగు భుజాన వేసుకుని, ఇంకో ముగ్గురితో వచ్చాడు. అమ్మ మంచం పట్టింది, నిన్ను చూడాలంటోంది, మేం మోసుకెళ్తాం అన్నాడు. ఆ మాటలప్పుడు నేను గడప మీద ఉన్నాను. “ఇరవై ఒక్క మైళ్ళురా. వోనలో. నన్ను మోసీసరికి మీరు సత్తారు” అన్నారు లైన్‌మేన్ గారు. తమ్ముడికి మైళ్ళ సంగతి తెలియదు. అంతుంటాదేటి అన్నాడు. ఆయన నా వైపు చూశారు. మేస్త్రీ లెక్క కట్టాడు, అడుగు, అన్నారు. నేను అవునన్నాను.

వానలు తగ్గాక వస్తానన్నారు. తమ్ముడు బొంగు తీసుకుని వెళ్ళిపోయాడు. వానలు తగ్గకముందే ఆమె పోయింది. కబురు రెండు రోజులకి వచ్చింది.

ఆ తర్వాత కూడా ఆయన విమానం మానలేదు. తెల్లటి పెట్టె మీద ఒకసారికి బదులు రెండుసార్లు తిరిగేవారు. అంతకుమించి మార్పు లేదు.

2005 ఎండల్లో కాఫీ తోటల సర్వేకని వచ్చిన ఒకాయన చార్జరు బాగుచేయించుకోవడానికి షాపుకొచ్చారు. ఆయన దగ్గర చేతిలో ఇమిడే యంత్రం ఉంది. ఎక్కడ నిలబడితే అక్కడి చోటుని అంకెల్లో చెబుతుంది. ఏ ఊళ్ళు తిరిగారని మాటవరసకి అడిగాను. చెప్పిన ఊళ్ళలో లైన్‌మేన్ గారిదొకటి. అంకెలు రాసుకున్నాను. ఇంటికెళ్ళి పటం మీద పెట్టి చూశాను. మూడుసార్లు చూశాను. కొండదారి మెలికలు తిరిగి పైకెక్కుతుంది. ఒక చుట్ట కాలేలోపు అక్కడ మనిషి మైలున్నర నడవడు, అందులో సగం కూడా కష్టమే. ఊరు రోడ్డుకి కాకిలెక్కన నాలుగు మైళ్ళ లోపే ఉంది.

రెండు వారాలు లైన్‌మేన్ గారికి చెప్పలేదు. తర్వాత చెప్పాను. “మార్చు” అన్నారు.

మర్నాడు పొద్దున లేచాం. బయట మంచు లేదు. నేను తల దించుకుని ఉన్నాను. ఎడం లాగు, సాలు. కుడి లాగు, సాలు. తర్వాత మాట లేదు. ఇంకా మొదటి వరస కొండల దగ్గర ఉన్నామనుకున్నాను. ఏమైంది లైన్‌మేన్ గారూ అన్నాను.

“వచ్చీసినాం.”

అన్నేళ్ళలో అప్పుడే మొదటిసారి తల ఎత్తాను. తెల్లటి పెట్టె తెర మధ్యలో ఉంది. గోడ గడియారం చూశాను. ఏడు నిమిషాలు. విమానం తిప్పమని ఆయన అనలేదు, నేను తొక్కలేదు. ఇల్లు మా కిందనుంచి వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత అన్నీ కొండలే. చాలాసేపటికి ఆయన చక్రం వదిలేశారు. విమానం ఏదో కొండని తగిలి ఆగింది. అంబలి గిన్నెలు పట్టుకొచ్చిన ఇంటావిడ మా ఇద్దర్నీ చూసి, ఉప్పు మాట ఎత్తకుండా గిన్నెలు అక్కడ పెట్టి వెళ్ళింది.

ఆ మైలున్నర నాది, నన్ను తిట్టండి అన్నాను. తిట్టలేదు. “ఇరవై ఒక్క మైళ్ళన్నది నువ్వు. రానన్నది నాను” అన్నారు. చక్రం మళ్ళీ పట్టుకుని, “పాత లెక్కే పెట్టీ మేస్త్రీ. ఇరవై నిమిషాలు పట్టాల” అన్నారు.

పెట్టాను. ఊరు మళ్ళీ దూరం వెళ్ళింది. ఈ మూడేళ్ళూ, మంచం పట్టేదాకా, లేని చోట ఉన్న ఆ ఇంటికే ఇరవై నిమిషాలు వెళ్ళి వచ్చాం. ఏ ప్రోగ్రాము ఏ మేరకు నిజమో నెలల తరబడి బేరీజు వేసి ఎంచిన మనిషి ఆయన. నేల నిజంలా లేదని ఒకదాన్ని తీసేసి, గాలి నిజంలా ఉందని ఒకదాన్ని ఉంచుకున్న మనిషి.

పోయాక తమ్ముడు వచ్చాడు. పుట్టిన ఊళ్ళోనే మట్టిలో పెట్టాలన్నాడు. రోడ్డు దాకా జీపులో తెచ్చాం. అక్కడ వెదురు బొంగుకి దుప్పటి కట్టారు. నలుగురు మార్చుకుంటూ మోశారు. వాళ్ళు దారిలో మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఏదో అనుకుని నవ్వుకున్నారు కూడా. వెనకబడుతున్నది నేనొక్కణ్ణే. ఒక ఊట దగ్గర ఆగినప్పుడు తమ్ముడు నా పక్కన కూర్చుని, “ఆ పొద్దే రమ్మన్నాను గదా బాబూ. మాకిది పెద్ద పనేటి?” అన్నాడు. నిష్ఠూరంగా కాదు. అడిగినట్టే అడిగాడు.

మా ముందు ఊరి ముసలాయన ఒకరు చుట్ట కాలుస్తూ నడిచారు. ఒకటి అవగానే ఇంకొకటి. లెక్కపెట్టాలని నేను అనుకోలేదు. అలవాటు. ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి ఆయన పద్నాలుగోది పారేశాడు.

వాళ్ళమ్మ లెక్కలో తప్పు లేదు. ఈ ముక్క చెప్పడానికి ఇప్పుడు ఎవరున్నారు?

ఆమె ఇల్లు కూలిపోయింది. తెల్లగా లేదు, ఎప్పుడూ లేదట. మట్టి గోడ, ఎర్రటిది. దాని వెనకే ఆయన్ని పెట్టారు.

ఇవాళ పదకొండింటికి లైన్‌మేన్ గారింటికి వెళ్ళాను. చోళ్ళు, కాఫీ గింజలు పోసుకోవడానికి ఆయన ఇంటావిడకి గది కావాలి. న్యాయమే. విప్పేముందు ఒకసారి స్విచ్చి వేశాను. వోల్టేజీ తక్కువగా ఉంది, తెర నెమ్మదిగా వెలిగింది. విమానం లోయలో నిలబడి ఉంది. నా పీట మీద కూర్చుని పెడళ్ళ మీద కాళ్ళు పెట్టాను. చక్రం తిప్పడం నేను నేర్చుకోలేదు. తొక్కితే నిలబడ్డ చోటే ముక్కు ఇటు కాస్త, అటు కాస్త తిరిగింది. వంటింట్లోంచి ఆవిడ, “సాలు బాబూ, ఇంక ఇప్పీ” అంది. ఆపేశాను.

ముందు తెర దించాను. చక్రం, పట్టాలు విడదీశాను. కుర్చీ బోల్టులు తుప్పు పట్టాయి, నూనె వేసి తీశాను. బెల్టు కుర్చీకే ఉంది. కొక్కెం ఆయన పెట్టుకునే మూడో కంతలోనే ఉంది, తీయకుండా కుర్చీతో పాటు బయటికి మోశాను. మిగిలినవి పెడళ్ళు. పది నంబరు స్పానరు పట్టుకుని పీట ముందు కూర్చుని తల దించి, ఎడమ పెడలు కింద మొదటి నట్టు వదులు చేశాను.